విరేచనాలు ఆగట్లేదు, కారణం ఇంకా తేలలేదు: ఈలోగా ఏం తినాలి, ఏం మానకూడదు

కడుపు కదలడం మొదలై వారాలు గడిచాయి. డాక్టరు పరీక్షలు రాశారు. కొన్ని రిపోర్టులు రావాలి, కొన్నిటికి ఇంకా తేదీ దొరకలేదు. ఈలోగా తినక తప్పదు, తిందామంటే భయం. పైగా పలకరించిన ప్రతివాళ్లూ ఒక సలహా ఇచ్చి వెళ్తారు. ఒకరు పాలు మానెయ్యమంటారు, ఒకరు గోధుమ మానెయ్యమంటారు, ఇంకొకరు రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే అదే సర్దుకుంటుందంటారు.

రోగమేమిటో తెలియని ఈ మధ్యకాలంలో తిండి వల్ల జరగాల్సిన పనులు రెండే. ఒకటి, ఒంట్లో నీరు, ఉప్పు, బరువు పడిపోకుండా నిలబెట్టడం. రెండోది, రేపు చేయబోయే పరీక్షకు జబ్బు దొరక్కుండా పోయేంతగా తిండిని మార్చెయ్యకపోవడం. మొదటిది అందరికీ తెలుసు. రెండోది చాలామందికి తట్టదు, కాబట్టి ఇక్కడ దాని గురించే కాస్త ఎక్కువ చెప్తాను. ఇదంతా పెద్దవాళ్లకు. పసిపిల్లల్లో నీరు గంటల్లో తగ్గిపోతుంది. తల్లిపాలు ఆపకుండా, ఓఆర్ఎస్ పడుతూ వెంటనే డాక్టరుకు చూపించాలి తప్ప ఇంట్లో తిండి ప్రయోగాలు చెయ్యకూడదు.

ముందుగా: తిండితో సరిపెట్టుకోకూడని సందర్భాలు

రోజుకు మూడు లేదా అంతకుమించి పలుచగా అవుతుంటే దాన్ని విరేచనాలంటారు. రెండు వారాల్లోపు తగ్గితే చాలావరకు ఇన్ఫెక్షనే అనుకోవచ్చు. నాలుగు వారాలు దాటితే దీర్ఘకాలికం కింద లెక్క, కారణం వెతికి తీరాలి.

మలంలో రక్తం పడుతున్నా, తారులా నల్లగా వస్తున్నా, జ్వరం ఉన్నా, కడుపు నొప్పి విడవకుండా ఉన్నా అపాయింట్‌మెంట్ తేదీ కోసం కూర్చోకండి. ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న మందులు కూడా మలాన్ని నల్లబరుస్తాయి. అవి వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. నిద్రలోంచి లేపి మరీ బాత్రూంకి పరుగెత్తిస్తున్న విరేచనాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒత్తిడి వల్ల, పేగు పాడవకుండానే దాని కదలిక తేడాచేసే చపలచిత్తపు పేగుల (ఐబీఎస్) వల్ల వచ్చేవి సాధారణంగా రాత్రి నిద్రను వదిలేస్తాయి. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం (60 కిలోల మనిషి కొద్ది నెలల్లో 3 కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు), రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్, పేగువాపు జబ్బులు (క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్), సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) ఉండటం, ఈ మధ్య యాంటీబయాటిక్స్ వాడి ఉండటం, యాభై దాటాక మలవిసర్జన తీరు కొత్తగా మారడం: వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి. నిలబడితే కళ్లు తిరగడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, ఏది తాగినా వాంతి కావడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి మెట్టు: నీళ్లొక్కటే తాగితే చాలదు

విరేచనంలో నీటితోపాటు సోడియం, పొటాషియం కూడా పోతాయి. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే దాహం తీరినట్టుంటుంది గానీ ఉప్పు వెనక్కి రాదు, పైగా రక్తంలో సోడియం ఇంకా పలుచబడుతుంది. కాళ్లు పీకడం, నీరసం, తలనొప్పి తగ్గకపోవడం వెనక తరచూ ఇదే ఉంటుంది.

ఓఆర్ఎస్ పనిచేసే తీరు తెలిస్తే దాన్ని కలిపే కొలతలు ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. చిన్నపేగు గోడలో ఒక ద్వారం ఉంది. అది సోడియాన్ని, గ్లూకోజును జంటగా మాత్రమే లోపలికి తీసుకుంటుంది, ఆ వెంటే నీరు వస్తుంది. విరేచనాలు తీవ్రంగా ఉన్నప్పుడు కూడా ఈ దారి సాధారణంగా మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతోనే వేలమందిని నిలబెట్టింది ఈ దారి మీద ఆధారపడే. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్యాకెట్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి.

కొలత ఎందుకంటే, చక్కెర ఎక్కువైతే అది పేగులోకి నీటిని లాగి విరేచనాన్ని పెంచుతుంది. రుచి కోసం ఇంకో చెంచా వేద్దామనుకుంటే మందు కాస్తా జబ్బవుతుంది. కూల్‌డ్రింకు, డబ్బాలో జ్యూస్ పనికిరాకపోవడానికీ కారణం ఇదే: చక్కెర మరీ ఎక్కువ, సోడియం దాదాపు శూన్యం. స్పోర్ట్స్ డ్రింకులు చెమటకు తయారుచేసినవి, విరేచనానికి కాదు.

ప్యాకెట్ మీద ఎంత నీరు అని ఉంటే అంతే నీటిలో, మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపండి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో అంటూ కంటి అంచనాకు పోవద్దు. ప్యాకెట్ దొరకని పూట లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు వేయండి, రెండూ చెంచా అంచుకు సమంగా గీకి కొలవాలి. కాచిన నీరైతే చల్లారాకే కలపాలి. కలిపాక నోట్లో వేసుకుంటే కన్నీటికంటే ఉప్పగా ఉండకూడదు. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి ఆ లోటు అరటిపండు, ఉడికించిన బంగాళదుంపతో పూడ్చుకోవాలి. ఏదైనా 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోండి.

నీళ్లలా అయిన ప్రతిసారీ ఒక గ్లాసు ఓఆర్ఎస్, మిగతా వేళల్లో మామూలు నీళ్లు, ఉప్పేసిన పలుచని గంజి లేదా సూప్. గడగడా తాగితే కడుపు వెంటనే కదులుతుంది, గుక్కగుక్కగా తాగండి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లు ఓఆర్ఎస్‌లోని గ్లూకోజును లెక్కలోకి తీసుకోవాలి, దానికి భయపడి మానెయ్యక్కర్లేదు.

రెండో మెట్టు: ఏదీ మానకముందు ఒక వారం రాసుకోండి

నోటుబుక్ చాలు, యాప్ ఉంటే యాప్. ఎన్నింటికి ఏం తిన్నారు, సుమారుగా ఎంత, ఏం తాగారు, ఏ మందులు వేసుకున్నారు, ఎన్నింటికి విరేచనమైంది, ఎలా ఉంది. "ఎలా ఉంది" అనే మాటకు డాక్టర్లు బ్రిస్టల్ స్కేల్ వాడతారు. మలాన్ని ఏడు రకాలుగా విడదీస్తుందది: 6 అంటే అంచులు చెదిరిన మెత్తటి ముద్దలు, 7 అంటే ఉత్త నీళ్లు. మీరూ ఆ అంకెనే రాసుకుంటే సగం వర్ణన అక్కర్లేకుండా పోతుంది. జిడ్డుగా ఉండి, నీటి మీద తేలి, ఫ్లష్ చేసినా అంటుకుపోతుంటే తప్పకుండా రాయండి. కొవ్వు అరగట్లేదనడానికి అది గుర్తు, వెతకాల్సిన చోటే మారుతుంది. వారానికోసారి ఒకే త్రాసు మీద బరువు చూసుకోండి.

డైరీ రాసేవాళ్లంతా ఒకచోట పప్పులో కాలేస్తారు. ఇదిగో ఇప్పుడే తిన్నాను, పది నిమిషాల్లో పరుగెత్తాను, కాబట్టి ఆ తిన్నదే పడలేదు అనుకుంటారు. నిజానికి కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలమని సంకేతం వెళ్తుంది, అది అందరిలోనూ ఉండేదే. పేగు ఇప్పటికే చిరాగ్గా ఉంటే ఆ కదలిక పరుగుగా మారుతుంది. పది నిమిషాల్లో బయటికొచ్చింది ఇప్పుడు తిన్నది కాదు, అంతకుముందు తిన్నవాటి మిగులు. ఈ సంగతి తెలియక ఒక పూట గుడ్డును, మరో పూట అన్నాన్ని, ఇంకో పూట అరటిపండును దోషుల జాబితాలో చేర్చుకుంటూ పోతే నెల తిరిగేసరికి తినడానికి ఏమీ మిగలదు. ఏదైనా పదార్థాన్ని అనుమానించాలంటే అది తిన్న వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ అదే జరగాలి, తినని రోజుల్లో జరగకూడదు.

ఇంకో గమనిక. ఏదో కారణంగా ఒక పూట తిండి తినలేదనుకోండి. అప్పుడు విరేచనం తగ్గిందా, అలాగే ఉందా? తగ్గితే తిన్నదేదో పేగులోకి నీటిని లాగుతోందని, ఏమీ తినకపోయినా ధారగా వస్తుంటే పేగే నీటిని వదులుతోందని డాక్టరుకు ఒక ఆధారం దొరుకుతుంది. దీనికోసం కావాలని పస్తులుండొద్దు, అలా జరిగిన రోజు రాసిపెట్టుకోండి చాలు.

మూడో మెట్టు: నిర్భయంగా తీసెయ్యగలిగినవి

కొన్నిటిని మానేస్తే ఏ పరీక్షా తారుమారు కాదు, పోషణలో లోటూ రాదు. మొదట వాటితోనే మొదలుపెట్టడం తెలివైన పని.

కాఫీ పెద్దపేగును కదిలిస్తుంది. కెఫీన్ తీసేసిన కాఫీ కూడా కొంతవరకు ఆ పని చేస్తుంది కాబట్టి దానికి మారి సమస్య తీరిందనుకోవద్దు. స్ట్రాంగ్ టీ, ఎనర్జీ డ్రింకులు, మద్యం పక్కన పెట్టండి. రోజుకు నాలుగైదు కప్పులు తాగే అలవాటుంటే ఒక్కసారిగా ఆపితే తలనొప్పి పట్టుకుంటుంది, మూడు నాలుగు రోజుల్లో తగ్గించుకుంటూ రండి.

అందరూ చూడకుండా వదిలేసేది షుగర్‌ఫ్రీ సరుకు. చూయింగ్ గమ్, మింట్లు, షుగర్ ఉన్నవాళ్ల కోసమని అమ్మే చాక్లెట్లు, కొన్ని దగ్గు సిరప్‌లలో సార్బిటాల్, మానిటాల్, మాల్టిటాల్, జైలిటాల్ లాంటివి ఉంటాయి. పేగు వీటిని పూర్తిగా పీల్చుకోలేదు, మిగిలినవి నీటిని లాగుతాయి. లేబుల్ మీద పేరు కాకుండా 420, 421, 965, 967 అని అంకెలే ఉండొచ్చు. రోజంతా గమ్ నమిలే మనిషికి ఒక్క ఇదే కారణమైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆపిల్, బేరిపండు రసాల్లోనూ సహజంగానే సార్బిటాల్, అదనపు ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర) ఉంటాయి, తేనెలో ఫ్రక్టోజ్ ఎక్కువ. "పండ్ల రసమేగా, ఒంటికి మంచిది" అనుకుని రోగి చేత తాగించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఘాటైన కారం, నూనెలో వేయించినవి తగ్గించండి. కొవ్వును పూర్తిగా తీసెయ్యొద్దు. గ్రాముకు 9 కేలరీలిచ్చేది అదొక్కటే, బరువు తగ్గుతున్న మనిషికి అది కావాలి.

నాలుగో మెట్టు: కంచంలో ఏముండాలి

అరటిపండు, అన్నం, ఆపిల్ గుజ్జు, టోస్టు: కడుపు చెడితే ఇవే తినమనే పాత సలహా ఒకటుంది. ఒకటి రెండు రోజులకైతే పర్వాలేదు. వారాల తరబడి ఇదే తింటే మాంసకృత్తులు అందవు, కండ కరుగుతుంది. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తగా తయారవుతూ ఉంటుంది, దానికీ సరుకు కావాలి.

కాబట్టి మెత్తటి పిండిపదార్థం ఒకటి (తెల్ల అన్నం, చెక్కు తీసి ఉడికించిన బంగాళదుంప, ఓట్స్ జావ), దాని పక్కన మాంసకృత్తులు ఒకటి (ఉడికించిన గుడ్డు, కొవ్వు లేని కోడి మాంసం, చేప, లేదా పొట్టు తీసి బాగా ఉడికించిన పప్పు కొద్దిగా), ఉడికి మెత్తబడిన కూర ఒకటి (క్యారెట్, గుమ్మడి లాంటివి, తొక్క, గింజలు తీసి). ఒక చెంచా నూనె, తగినంత ఉప్పు. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు తప్ప మిగతావాళ్లు ఈ రోజుల్లో ఉప్పుకు వెనకాడక్కర్లేదు.

మూడు పూటల నిండు భోజనం కంటే ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తినడం మేలు. పైన చెప్పిన పెద్దపేగు సంకేతం పెద్ద భోజనానికి గట్టిగా, చిన్న భోజనానికి మెల్లగా పడుతుంది. ఉదయం అది మరీ చురుగ్గా ఉంటుంది కాబట్టి బయటికి వెళ్లాల్సిన రోజు గంటన్నర ముందే లేచి తినేసి, ఆ పరుగేదో ఇంట్లోనే కానిచ్చుకోవడం నయం. బాత్రూం భయంతో రోజంతా తినకుండా రాత్రి ఒక్కసారే కడుపునిండా తినేవాళ్లుంటారు, వాళ్లకు రాత్రంతా జాగరణే.

ఐదో మెట్టు: పాలు, కానీ పద్ధతిగా

పేగు ఇన్ఫెక్షన్ తర్వాత పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ కొన్ని వారాలపాటు తగ్గిపోవచ్చు. ఇంతకుముందు పాలు పడినవాళ్లకూ ఇది జరుగుతుంది. అందువల్ల పాలు ఆపి చూడటం సమంజసమైన ప్రయోగమే. పాలు, ఐస్‌క్రీం, పాలపొడి వేసిన పదార్థాలు రెండు వారాలు ఆపండి. పెరుగులో సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత తినేస్తాయి, గట్టి ఛీజ్‌లో అది నామమాత్రం, చాలామందికి ఈ రెండూ పడతాయి. రెండు వారాల్లో స్పష్టమైన తేడా కనిపిస్తే ఒక గ్లాసు పాలు తాగి చూడండి. మళ్లీ మొదలైతే విషయం తేలినట్టే. తేడా ఏమీ లేకపోతే పాలు తిరిగి మొదలుపెట్టండి. ఫలితం లేని పథ్యాన్ని అలవాటుగా కొనసాగించడం వల్ల కాల్షియం పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ప్రయోగం జరిగే రెండు వారాల్లో ఇంకేదీ మార్చొద్దు. పాలు ఆపి, ప్రోబయాటిక్ (మేలుచేసే సూక్ష్మజీవులున్న మందు) మొదలుపెట్టి, పనిలోపనిగా కాఫీ కూడా మానేస్తే దేనివల్ల తగ్గిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఆరో మెట్టు: పరీక్ష అయ్యేదాకా గోధుమను మానకండి

దీర్ఘకాలిక విరేచనాలకు వెతికే కారణాల్లో సీలియాక్ ముఖ్యమైనది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్‌కు రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరిగి చిన్నపేగు పొరను దెబ్బతీస్తుంది. రక్తపరీక్ష పట్టుకునేది ఆ ఎదురుతిరుగుడులో పుట్టిన యాంటీబాడీలను. ఎండోస్కోపీలో తీసే ముక్క చూపించేది దెబ్బతిన్న పొరను. గ్లూటెన్ మానేస్తే యాంటీబాడీలు తగ్గుతాయి, పొర మానుతుంది. మనిషికి అది మంచిదే, పరీక్షకు మాత్రం కాదు. జబ్బు ఉండి కూడా రిపోర్టు నార్మల్‌గా వస్తుంది.

ఆ తర్వాతి కష్టం ఇంకా పెద్దది. ఖాయం చేసుకోవాలంటే మళ్లీ వారాల తరబడి గోధుమ తిని, మళ్లీ బాధపడి, అప్పుడు పరీక్ష చేయించుకోవాలి. చాలామంది ఆ ధైర్యం చెయ్యలేక జీవితాంతం "ఉందో లేదో" అన్న సందేహంతోనే ఉండిపోతారు. ఉందని తెలిస్తే జీవితకాలం కఠిన పథ్యం, ఎముకల పరీక్ష, కుటుంబ సభ్యులకు పరీక్షలు. లేదని తెలిస్తే హాయిగా రొట్టె తినొచ్చు. రెండిట్లో ఏదో తేలడం అవసరం.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలపాటు రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ తింటూ ఉండాలి. రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినా ముక్క తీసేదాకా మానొద్దు. ఇప్పటికే మానేసి ఉంటే మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకుండా డాక్టరుకు ఆ మాట చెప్పండి. గ్లూటెన్ తిన్నా తినకపోయినా మారని జన్యుపరీక్ష ఒకటుంది, అది నెగెటివ్ వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే.

తక్కువ ఫాడ్‌మ్యాప్ పథ్యానిదీ (పేగు సరిగా పీల్చుకోలేక పులిసిపోయే కొన్ని పిండిపదార్థాలను, చక్కెరలను తగ్గించేది) దాదాపు ఇదే కథ. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం తీర్చిదిద్దిన ఆ పద్ధతి చపలచిత్తపు పేగులకు బాగానే పనిచేస్తుంది. కానీ అందులో గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పాలు, చాలా పండ్లు ఒకేసారి పోతాయి. అది రోగ నిర్ధారణ అయ్యాక, డైటీషియన్ చేతిలో, కొద్ది వారాలపాటు చేసే పని. ఇంటర్నెట్‌లో జాబితా దించుకుని ఇప్పుడే మొదలుపెట్టకండి.

ఏడో మెట్టు: పీచు, మందులు

పీచు రెండు రకాలు. నీటిలో కరిగి జిగురయ్యేది (ఓట్స్, ఇసబ్గోల్, ఉడికించిన క్యారెట్) పలుచని మలాన్ని పట్టి ఉంచుతుంది. కరగనిది (తవుడు, తొక్కలు, గింజలు, పచ్చి ఆకులు) పేగును తోస్తుంది, ప్రస్తుతానికి తగ్గించండి. ఇసబ్గోల్ మలబద్ధకానికేగా అనుకుంటారు గానీ అది నీటిని పట్టుకునేది కాబట్టి రెండువైపులా పనికొస్తుంది. రోజుకో టీస్పూనుతో, నిండు గ్లాసు నీళ్లతో మొదలుపెట్టండి, మిగతా మందులకు రెండు గంటల దూరం ఉంచండి. కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పి, వాంతులు ఉంటే వద్దు. వయసు మళ్లినవాళ్లలో గట్టిపడిన మలం అడ్డుపడి దాని చుట్టూ నీళ్లు కారడం కూడా విరేచనంలాగే కనిపిస్తుంది. చాలా రోజులు మలబద్ధకంగా ఉండి ఆ తర్వాత మొదలైతే పరీక్ష చేయించకుండా పీచు గానీ, ఆపే మాత్ర గానీ ఇవ్వొద్దు.

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు, యాంటీబయాటిక్స్, విటమిన్ సి పెద్ద డోసులు విరేచనాలు తెప్పించగలవు. డాక్టరు రాసిన మందును సొంతంగా ఆపకండి, ఎప్పుడు మొదలుపెట్టారో తేదీతో రాసుకెళ్లండి. లోపెరమైడ్ లాంటి ఆపే మాత్ర రక్తం, జ్వరం ఉన్నప్పుడు వేసుకోకూడదు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు పేగు వాపును చూపే మల పరీక్ష (కాల్‌ప్రొటెక్టిన్) అంకెను పెంచుతాయి, పరీక్షకు ముందు వాడి ఉంటే దాచకండి.

పరీక్షల వేళ

డాక్టరు దగ్గరికి డైరీ మొత్తం పట్టుకెళ్లి చదివి వినిపిస్తే ఎవరికీ ఓపిక ఉండదు. ఒక కాగితం మీద ఎప్పుడు మొదలైంది, రోజుకు ఎన్నిసార్లు, రాత్రి లేపుతోందా, బరువు ఎంత తగ్గింది, ఏం మానితే తేడా వచ్చింది, ఏం మానినా రాలేదు, ఏ మందులు వాడుతున్నారు అని రాసి ఇవ్వండి. గ్లూటెన్ తింటున్నారో లేదో ఒక వాక్యం వేరుగా రాయండి.

కొలనోస్కోపీకి (పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్ష) తేదీ వస్తే చివరి రోజుల తిండి విషయంలో ఆసుపత్రి ఇచ్చిన కాగితమే పాటించాలి, ఇక్కడ చెప్పినవి కాదు. పేగు చూడటానికి మామూలుగా కనిపించినా ముక్కలు తీసి పంపుతారా అని ముందే అడగండి. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అనే జబ్బులో పెద్దపేగు కెమెరాకు నున్నగా, ఆరోగ్యంగానే కనిపించవచ్చు, దొరికేది సూక్ష్మదర్శిని కిందే.